మాత్ర వేసుకున్నవాడి మగత

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతపు ఆడవాళ్లకు తాగి వచ్చినవాణ్ణి పోల్చుకోవడం ఒకరు నేర్పనక్కరలేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచే తీరులోనే తెలిసిపోతుంది. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం లేచిందీ, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చిందీ అటువంటి తల్లుల పట్టుదలవల్లనే. అయితే ఆ చూపే ఒక్క సందర్భంలో మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

నల్లమందు, హెరాయిన్, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు ఒకే జాతివి. మన వైపు అలాంటివి ఎక్కడివి అనుకోవద్దు. నడుం నొప్పికని మొదలైన మాత్ర వదలలేని వ్యసనం కావచ్చు. 2018లో కేంద్ర ప్రభుత్వం ట్రమడాల్‌ను మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది. ఈ వ్యసనానికి డాక్టర్లు నాలుక కింద కరిగే బ్యూప్రెనార్ఫిన్ మాత్ర, కొన్ని కేంద్రాలలో మెథడోన్ ఇస్తారు. ఇవి 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆవశ్యక మందుల జాబితాలో ఉన్నాయి.

ఇప్పుడొక ఇల్లు ఊహించుకోండి. కొడుక్కి చికిత్స మొదలై నాలుగు రోజులు. ఆదివారం దివ్యపూజలో గురువుగారి ప్రసంగం సగమైనా కాకముందే తల వాల్చేస్తున్నాడు. మాట కూడా నెమ్మదించింది. చుట్టూ అందరూ చూస్తున్నారు. తల్లికి తల కొట్టేసినట్లయింది. "మళ్లీ మొదలుపెట్టావు గదరా!" అని ఇంటికి రాగానే మాత్రలు లాక్కుని పొయ్యిలో పడేసింది. అన్ని ఏళ్లు మోసపోయిన తల్లిని తప్పుపట్టలేం. మన భాషలో సీసాలోదీ మందే, డాక్టరు ఇచ్చేదీ మందే!

కాని ఇక్కడ జరిగింది వేరు. ఈ మాత్ర మత్తుపదార్థం పనిచేసే చోటనే మెదడులో పనిచేసి, ఒళ్లునొప్పులు, వాంతులు, ఆ తపన రాకుండా ఆపుతుంది. అదే జాతి మందు గనుక కొంత మగత తెస్తుంది. మొదటి రోజులలోనూ, మోతాదు పెంచినప్పుడూ ఇది ఎక్కువ. చాలామందికి ఒళ్లు అలవాటు పడేకొద్దీ తగ్గుతుంది. తగ్గకపోతే మోతాదు మార్చవలసినది డాక్టరే. మనం మాత్ర లాక్కుంటే వాడు పాతదాని కోసం వెతుక్కుంటాడు. చికిత్స మానినవాడికి తట్టుకునే శక్తి తగ్గి ఉంటుంది. పాత మోతాదే మళ్లీ తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు.

కనుక "తాగావా?" అని కాక, "దీనితోపాటు ఇంకేం వేసుకున్నావు?" అని అడగండి. జలుబు మాత్ర కూడా మగతను పెంచుతుంది. మద్యం, నిద్రమాత్రలు తోడైతే ప్రాణాపాయమే. మెథడోన్ ఒంట్లో నెమ్మదిగా పేరుకుంటుంది. మొదటిరోజు బాగున్నవాడు నాలుగోరోజు మత్తులోకి జారవచ్చు. మొదటి రెండు వారాలు ఎవరైనా కనిపెట్టుకుని ఉండాలి.

మామూలు మగతలో ఉన్నవాడు పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరిచి జవాబిస్తాడు. గట్టిగా తట్టినా లేవకపోయినా, గొంతు గురగురలాడినా, ఊపిరి బాగా మందగించినా, పెదవులు నీలమైనా అది నిద్ర కాదు. పడుకోనీలే అని వదలకండి. వెంటనే 108కి ఫోను చేయండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఊపిరి గమనిస్తూ ఉండండి. దీనికి నాలోక్సోన్ అనే విరుగుడు ఇంజెక్షన్ ఉంది. వేసుకున్న మాత్రల అట్ట వెంట తీసుకెళ్లండి. కొండ కింది పల్లెలకు బండి రావడానికి సమయం పడుతుంది, అందుకే ఆలస్యం వద్దు.

పని సంగతి కూడా ఉంది. మగత తగ్గేదాకా ట్రాక్టరు, మోటారుసైకిలు వద్దు. ఆత్మకూరు మీదుగా బద్వేలు వైపు లారీ తోలేవాళ్లు సెలవు పెట్టవలసిందే. రాత్రి పొగాకు బ్యారన్ దగ్గర మంట కాసే పనికి మరొకరిని పంపండి.

మాత్ర వేసిన వేళ, మగత వచ్చిన వేళ ఒక నోటుపుస్తకంలో రాసి, మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరుకు చూపించండి. ఈలోగా సలహా కావాలంటే 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు. మాత్రలు బీరువాలో తాళం వేసి ఉంచండి. పెద్దవాడికి మగత తెచ్చే ఒక్క మాత్ర పసిబిడ్డ ప్రాణం తీయగలదు.