జూదం: లాభమెంత? నష్టమెంత?

జూదంలో ఏమైనా లాభం ఉందా అని ఎవరైనా అడిగితే, మనలో చాలామంది "ఏమీ లేదు" అని వెంటనే అనేస్తారు. కాని దివ్య ఖుర్ఆన్ అలా అనలేదు. మద్యం గురించి, జూదం గురించి ప్రజలు దైవప్రవక్త (స)ను అడిగినప్పుడు వచ్చిన సమాధానం అల్ బఖరా సూరా 219వ ఆయతులో ఉంది. వాటిలో ప్రజలకు కొన్ని ప్రయోజనాలు ఉన్నాయని, అయితే వాటి పాపం ఆ ప్రయోజనం కన్నా పెద్దదని అల్లాహ్ తెలియజేశాడు. ఇంతకూ ఆ ప్రయోజనం ఏమిటి?

అరబ్బుల జూదం

ఆయతులో జూదానికి వాడిన పదం 'మైసిర్'. అజ్ఞాన కాలంలో అరబ్బులు ఒంటెను కోసి, మాంసాన్ని వాటాలు వేసి, పది బాణాలతో జూదమాడేవారు. ఏడు బాణాలకు ఒకటి నుంచి ఏడు వరకు వాటాలు ఉండేవి. మిగతా మూడూ ఖాళీ. ఖాళీ బాణం వచ్చినవారికి మాంసం దక్కకపోగా ఒంటె ఖరీదు మీద పడేది. గెలిచినవారు ఆ మాంసాన్ని పేదలకు పంచి, అదొక ఘనతగా చెప్పుకునేవారని వ్యాఖ్యాతలు రాశారు.

అంటే పేదవాడి కడుపు నిండేది. అది నిజంగా ప్రయోజనమే. అయినా అల్ మాయిదా సూరా 90, 91 ఆయతులలో అల్లాహ్ జూదాన్ని షైతాను పనిగా పేర్కొని, దానికి దూరంగా ఉండమని ఆదేశించాడు. దాని ద్వారా షైతాను మన మధ్య శత్రుత్వం, ద్వేషం పెంచుతాడు. దైవస్మరణ నుంచి, నమాజు నుంచి మనల్ని ఆపుతాడు.

నేటి జూదం

నేడు కూడా ఇదే వాదన వినిపిస్తుంది. కేరళ ప్రభుత్వం 1967లో లాటరీ శాఖను ప్రారంభించింది. లాటరీ రాబడి పేద రోగుల వైద్యానికి కూడా వెళుతుంది. వైద్యం మంచిపనే. కాని ఆ డబ్బు ఎవరిది? బహుమతి రాని టిక్కెట్లు కొన్నవారిది. వారిలో రోజు కూలి చేసుకునేవారూ ఉంటారు. పేదవాడికి సహాయం చేయడానికి ఇస్లాం జకాత్‌ను, సదఖాను చూపింది. అందులో ఇచ్చేవాడు ఇష్టపడి ఇస్తాడు, ఏడుస్తూ ఇవ్వడు.

ఒక చిన్న లెక్క చూద్దాం. పదిమంది తలా 100 రూపాయలు వేసి పేకాటకు కూర్చున్నారు. మొత్తం 1000. ఆడించేవాడు కమీషన్‌గా 100 తీసుకుంటే 900 మిగులుతుంది. ఎవరు గెలిచినా ఆ పదిమంది సొమ్ము తగ్గిందే గాని పెరగలేదు. ఇలాంటి ఆటలు పది ఆడితే 1000 రూపాయలు ఆడించేవాడి జేబులోకి పోతాయి. వ్యాపారంలోనూ నష్టభయం ఉంటుంది. కాని అక్కడ కొనేవాడికి సరుకు, అమ్మేవాడికి ధర దక్కుతాయి. జూదంలో ఒకరి నష్టమే మరొకరి లాభం.

సంక్రాంతి కోడిపందేలు, క్రికెట్ బెట్టింగులు, ఫోనులో రమ్మీ - పేర్లు వేరైనా పని ఒకటే. పందెం కాసి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. అయితే దుప్పటి కింద వెలిగే ఫోను దగ్గరికి పోలీసు రాలేడు. అక్కడ కాపాడేది దైవభీతి ఒక్కటే.

మనం చేయవలసింది

జూదమాడుదాం రమ్మని స్నేహితుణ్ణి పిలిచినవాడు దానం చేయాలని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఒట్టి పిలుపుకే ఇంత పరిహారమైతే, ఆడటం సంగతేమిటి?

ఇంట్లో ఎవరైనా ఈ వ్యసనంలో పడితే పరువు కోసం దాచవద్దు, తిట్టి వెళ్ళగొట్టనూ వద్దు. అప్పు ఎంతో ముందుగా చెప్పించండి. డబ్బు వ్యవహారం కొంతకాలం ఇంట్లో మరొకరు చూడండి. అప్పు తీర్చడానికి "ఒక్క ఆట" అనే మాటను అసలు నమ్మవద్దు. మనస్ఫూర్తిగా తౌబా చేసుకునేవారికి అల్లాహ్ కారుణ్య ద్వారం తెరిచే ఉంది. ధర్మసమ్మతమైన సంపాదన కొంచెమైనా, అందులోనే శుభముంది. అల్లాహ్ మనందరినీ ఈ ఆపద నుంచి కాపాడుగాక! ఆమీన్.