భయానికి రూపకల్పన

మానవుడు సుఖాన్ని కోరడం సహజం. కాని భయాన్ని కోరి తెచ్చుకోవడం, అందుకు రుసుము కూడా చెల్లించడం వింతగా కనిపిస్తుంది. తిరునాళ్లలో రంగులరాట్నం ఎక్కిన పసివాడు పైకి పోయినప్పుడు కెవ్వుమని అరుస్తాడు. కిందికి దిగగానే మళ్లీ ఎక్కుతానని మారాం చేస్తాడు. ఈ చిత్తవృత్తి మన ఆలంకారికులకు తెలియనిది కాదు. భరతముని నాట్యశాస్త్రంలో చెప్పిన ఎనిమిది రసాలలో భయానకం ఒకటి, అద్భుతం మరొకటి. రంగస్థలం మీద భయం రసంగా మారుతుంది. ఎందుకంటే తనకు ఏ హానీ లేదని ప్రేక్షకుడికి తెలుసు. పులి నిజంగానే సభలోకి వస్తే రసం మిగలదు, పరుగు మాత్రమే మిగులుతుంది. ఈ సూత్రాన్ని ఇనుముతో, వేగంతో నిరూపించే యంత్రమే రోలర్ కోస్టర్.

దీని పుట్టుక రష్యాలో జరిగింది. పదిహేడు, పద్దెనిమిదవ శతాబ్దాలలో అక్కడి ప్రజలు శీతకాలంలో కొయ్యతో ఎత్తైన వాలు కట్టి, దానిపై నీళ్లు పోసి, గడ్డకట్టిన మంచు మీద జారేవారు. ఈ వేడుక పారిస్ చేరిన తరువాత 1817 నాటికి జారుడు బండ్లకు చక్రాలు వచ్చాయి. నేటికీ ఫ్రెంచివారు ఈ ఆటను 'రష్యా కొండలు' అంటారు. రష్యావారు మాత్రం 'అమెరికా కొండలు' అంటారు. 1884లో న్యూయార్క్ సమీపాన కోనీ ఐలాండ్‌లో లామార్కస్ థాంప్సన్ నెలకొల్పిన బండి గంటకు సుమారు 10 కిలోమీటర్ల వేగంతో నడిచేది. ప్రయాణ రుసుము 5 సెంట్లు. తరువాత జాన్ మిల్లర్ అనే అమెరికన్ రూపశిల్పి పట్టాకు అడుగున కూడా చక్రాలను అమర్చే పద్ధతికి 1919లో పేటెంటు పొందాడు. అప్పటినుండి బండి పట్టాను విడిచి పైకి ఎగిరిపోదన్న ధైర్యంతో నిర్మాతలు ఎత్తులను, మలుపులను పెంచసాగారు.

రోలర్ కోస్టర్ బండికి సాధారణంగా ఇంజను ఉండదు. గొలుసు దానిని శిఖరానికి చేరుస్తుంది. ఆపైన భూమ్యాకర్షణే దాని సారథి. ఎత్తు వలన లభించిన శక్తి దిగేటప్పుడు వేగంగా మారుతుంది. అమెరికాలోని కారోవిండ్స్ పార్కులో 2015లో ప్రారంభమైన ఫ్యూరీ 325 ఎత్తు 99 మీటర్లు. గాలి నిరోధం, రాపిడి లేకపోతే ఆ ఎత్తునుండి నేలకు జారే బండి గంటకు సుమారు 159 కిలోమీటర్ల వేగాన్ని అందుకోవాలి. దాని అసలు వేగం 153 కిలోమీటర్లు. లెక్కకు, వాస్తవానికి ఉన్న భేదం ఇంత స్వల్పం కావడం నిర్మాణ నైపుణ్యానికి నిదర్శనం.

అయితే ఈ లెక్కలోనే ఒక అవరోధం ఉంది. వేగం రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగు రెట్లు కావాలి. అంటే 396 మీటర్లు; ఈఫిల్ గోపురాన్ని మించిన ఎత్తు! అందుచేత కొందరు నిర్మాతలు బండిని నేలమీదనే బలంగా ముందుకు విసిరే యంత్రాలను ఆశ్రయించారు. 2005లో న్యూజెర్సీలో నెలకొన్న కింగ్డా కా 139 మీటర్ల ఎత్తుతో, గంటకు 206 కిలోమీటర్ల వేగంతో ప్రపంచాన్ని ఆశ్చర్యపరచింది. కాని దానిమీది ప్రయాణం నిమిషంలోపే ముగిసేది. 2024లో అది ఆగిపోయింది. 2025 ఫిబ్రవరిలో దానిని పేలుడు పదార్థాలతో నేలకూల్చారు. అదే సంవత్సరం చివరిలో సౌదీ అరేబియాలోని ఖిద్దియాలో గంటకు 250 కిలోమీటర్ల వేగం గల ఫాల్కన్స్ ఫ్లైట్ ప్రారంభమైంది. ఎత్తులో సాధించిన కీర్తి మరొకరు అంతకంటె ఎత్తు కట్టేవరకే నిలుస్తుంది.

ఈ పోటీకి భిన్నమైన దారిని ఎంచుకొన్న సంస్థ స్విట్జర్లాండ్‌లోని మాంతే పట్టణానికి చెందిన బోలిగర్ అండ్ మాబియార్. వాల్టర్ బోలిగర్, క్లాడ్ మాబియార్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1988లో దీనిని స్థాపించారు. వీరు తమను తాము వేసుకొన్న ప్రశ్న 'ఎంత ఎత్తు?' అన్నది మాత్రమే కాదు. 'మనిషి పట్టాకు ఏ స్థితిలో ఉండాలి?' అన్నది కూడా. 1990లో షికాగో సమీపాన మనిషిని నిలబెట్టి నడిపారు. 1992లో పట్టాను తలపైకి మార్చి, కాళ్లు గాలిలో వేలాడేటట్లు కూర్చోబెట్టారు. 1998లో నిట్టనిలువు గోతి అంచున క్షణకాలం ఆపి వదిలారు. 1999లో పాదాల కింది నేలను తొలగించారు. 2002లో బోర్లా పడుకోబెట్టి పక్షివలె ఎగిరించారు. 2011లో పట్టాకు ఇరువైపులా రెక్కలవలె ఆసనాలను అమర్చారు. 2023లో ఫ్లోరిడాలో మళ్లీ నిలబెట్టారు. కాని ఈసారి బండి ఎగసి పడుతున్నప్పుడు ఆసనం కూడా మనిషితోపాటు పైకి కిందికి కదులుతుంది. అలలపై నిలిచి స్వారీ చేసే క్రీడ దీనికి స్ఫూర్తి. ముప్పది మూడేళ్లనాటి ఊహకు వారే చేసిన సవరణ ఇది.

ఈ వరుసను గమనిస్తే వారి తరువాతి సృష్టి ఎటువంటిదో కొంతవరకు ఊహించవచ్చు. అది కేవలం ఇంకొక ఎత్తు కాకపోవచ్చు. శరీరానికి ఇంతవరకు తెలియని మరొక స్థితి కావచ్చు. పాత నమూనాలో మిగిలిన అసౌకర్యానికి పరిహారం కావచ్చు. అయస్కాంత శక్తితో తోసే మోటార్లు ఇప్పటికే వచ్చాయి. వాటి వలన తక్కువ స్థలంలో, తక్కువ ఎత్తులో, దారి మధ్యలో పలుమార్లు వేగాన్ని పెంచడం సాధ్యం. స్థలం తక్కువగా ఉన్న పార్కులకు ఇది వరం. బండి హోరు చుట్టుపక్కల నివసించేవారికి బాధ కాకూడదు. ఆ శబ్దాన్ని తగ్గించడానికి కొన్నిచోట్ల బోలు పట్టాలలో ఇసుక నింపుతున్నారు. అన్ని శరీరాకృతులవారు, వికలాంగులు సైతం క్షేమంగా కూర్చోగల ఆసనం ఇంకా పూర్తిగా సాధించని లక్ష్యం.

ఏది నిర్మించినా మానవదేహమే దానికి హద్దు. 1895లో కోనీ ఐలాండ్‌లో బండిని తలకిందులుగా తిప్పే ఉచ్చును పరిపూర్ణ వృత్తంగా కట్టారు. అందులోకి ప్రవేశించేటప్పుడు ప్రయాణికుల మెడపై భరింపరాని ఒత్తిడి పడేది. ఆ ఆట ఎంతోకాలం సాగలేదు. 1976లో జర్మన్ ఇంజనీర్లు అంటాన్ ష్వార్జ్‌కోఫ్, వెర్నర్ ష్టెంగెల్ కాలిఫోర్నియాలో ఆ ఉచ్చును నీటిబొట్టు ఆకారానికి మార్చారు. అడుగున విశాలంగా, శిఖరాన ఇరుకుగా ఉండే ఆ వంపు ఒత్తిడిని క్రమంగా పెంచి, క్రమంగా తగ్గిస్తుంది. అనుభూతి నిలిచింది, బాధ తొలగింది. వృత్తం కంటికి అందం. ఈ వంపు దేహానికి హితం. నిజమైన రూపకల్పన రెండవదానినే ఎన్నుకొంటుంది.

నిర్మాణంతో బాధ్యత తీరదు. 2023 జూన్ 30న ఫ్యూరీ 325 ఉక్కు స్తంభంలో పగులు ఏర్పడి, బండి వచ్చినప్పుడల్లా పైభాగం పక్కకు కదలడాన్ని ఒక సందర్శకుడు గమనించి తెలియజేశాడు. తరువాత దానిని మూసివేశారు. కొత్త స్తంభం అమర్చి, పరీక్షలు జరిపి, ఆగస్టులో తిరిగి తెరిచారు. ఎవరికీ గాయం కాలేదు. కాని ఆ రోజున బండిలో కూర్చొని సంతోషంతో అరిచినవారికి తమ కింది స్తంభం సంగతి తెలియదు. వారి నమ్మకం ఆ క్షణంలో ఒక బాటసారి కంటిచూపు మీద ఆధారపడింది. తన లోపాన్ని తానే ముందుగా పసిగట్టి హెచ్చరించే పట్టా, స్తంభం రావాలి. రాబోయే కాలపు గొప్ప ఆవిష్కరణ అదే అయితే అందరూ హర్షించవలసిందే. అటువంటి ఆవిష్కరణను చూడటానికి ఎవరూ బారులు తీరరు. దాని పేరు పార్కు ద్వారం మీద ఎక్కదు. అయినా మిగిలిన వింతలన్నీ దానిమీదనే నిలుస్తాయి.

పులి వేషధారి ఎంత భయంకరంగా గర్జిస్తే ప్రేక్షకుడికి అంత ఆనందం. కాని వేషం వెనుక ఉన్నది మనిషే అన్న నమ్మకం చెడకూడదు. రోలర్ కోస్టర్ నిర్మాత అమ్మేది భయాన్ని; ఇవ్వవలసింది అభయాన్ని.

అభ్యాసం

1. భయం రసంగా మారడానికి ఏది అవసరమో పాఠం ఆధారంగా వివరించండి.
2. బోలిగర్ అండ్ మాబియార్ సంస్థ అనుసరించిన మార్గం ఇతరుల పోటీకంటె ఏవిధంగా భిన్నమైనది?
3. 'వృత్తం కంటికి అందం. ఈ వంపు దేహానికి హితం' - సందర్భాన్ని తెలిపి వ్యాఖ్యానించండి.