పొట్టలో నీరున్న రోగికి తొలిరోజు పరీక్ష

కాలేయం గట్టిపడి పాడైపోయే జబ్బే సిర్రోసిస్. తాగుడు వల్లనే వస్తుందని మనవాళ్ల నమ్మకం. హెపటైటిస్ బి, సి వైరస్‌ల వల్లా, కాలేయానికి కొవ్వు పట్టడం వల్లా కూడా వస్తుంది. నలుగురూ ఏమనుకుంటారోనని జబ్బును దాచిపెట్టే కుటుంబాలను మేం చూస్తూనే ఉన్నాం.

జబ్బు ముదిరితే పొట్టలో నీరు చేరుతుంది. పేగుల్లోని బాక్టీరియా ఆ నీటిలోకి చేరి ఇన్ఫెక్షన్ కలిగిస్తే ప్రాణాపాయమే. చిక్కేమిటంటే అది చాలాసార్లు చప్పుడు చేయకుండా వస్తుంది. కొద్దిపాటి జ్వరం, పొట్టనొప్పి, మూత్రం తగ్గడం, పగలంతా మగత, పొంతన లేని మాటలు. ఒక్కోసారి ఇవీ కనిపించవు. అందుకే పొట్టలో నీరున్న రోగి ఏ బాధతో ఆసుపత్రిలో చేరినా, వెంటనే సూదితో కాస్త నీరు తీసి పరీక్షించాలి. ఒక ఘన మిల్లీమీటరులో న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు 250 గాని, అంతకు మించి గాని ఉంటే, కల్చర్ రిపోర్టు కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెడతారు. 12 గంటలు దాటాక నీరు తీసినవారిలో మరణాలు ఎక్కువని పరిశోధనల్లో తేలింది.

నీరు తీస్తే మనిషి దక్కడని ఇళ్లలో ఒక భయం. పరీక్షకు తీసేది కొద్ది చెంచాలే!

ఇన్ఫెక్షన్ తేలాక మూత్రపిండాలను కాపాడటానికి అల్బుమిన్ ఎక్కిస్తారు. అది ఖరీదైన మందు. దాతలకు సాధారణంగా కనబడేది ఆ బిల్లే. కణాలు లెక్కించే పరీక్షకు అందులో చాలా కొద్ది భాగం చాలు. సదఖా సొమ్ములో కొంత రాత్రివేళ ఆటో కిరాయికీ, ఈ తొలిరోజు పరీక్షకూ విడిగా ఉంచాలని మా మనవి.