శీతకాలంలో వృద్ధుల పాదస్థైర్యం

హేమంత, శిశిర ఋతువులలో ఇంటి పెద్దలకు దగ్గు, ఆయాసం, కీళ్ళనొప్పులు వస్తాయని అందరూ జాగ్రత్తపడతారు. కాలుజారి పడడాన్ని మాత్రం విధికి విడిచిపెడతారు. ఇది సరికాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పడిపోవడం వలన ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది మరణిస్తున్నారు. ఈ మరణాలు 60 ఏళ్ళు దాటినవారిలోనే అత్యధికం. తుంటి ఎముక విరిగి మంచం పట్టిన వృద్ధులకు ఒంటిపుండ్లు, న్యుమోనియా తోడవుతాయి. కనుక పడిన పిమ్మట చేసే చికిత్సకన్న పడకుండా కాపాడుకోవడమే శ్రేయస్కరం.

చలిలో ప్రమాదమెందుకు?

వార్ధక్యంలో వాతం ప్రబలంగా ఉంటుంది. శైత్యం, రూక్షత వాతాన్ని మరింత పెంచుతాయి. అందువలన వేకువన కీళ్ళు బిగుసుకొని అడుగు తడబడుతుంది. చలికి రాత్రివేళ మూత్రవిసర్జనకు పలుమార్లు లేవవలసివస్తుంది. నిద్రమత్తులో దిగ్గున లేస్తే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. రక్తపోటుకు, నిద్రకు మాత్రలు వాడేవారికి ఈ బాధ ఎక్కువ.

చరకుని ఉపదేశం

చరక సంహిత సూత్రస్థానం 5వ అధ్యాయంలో నిత్యవిధులను చెబుతూ పాదాభ్యంగం, పాదరక్షలు, దండధారణ ప్రస్తావించబడ్డాయి. పాదాలకు తైలమర్దనం బలాన్ని, స్థైర్యాన్ని ఇస్తుందనీ, తడబడేవారికి దండం ఆధారమనీ అందులో ఉన్నది. చేతికర్ర పట్టడం నామోషీ అనుకునే పెద్దలకు నేను ఈ మాటనే గుర్తుచేస్తుంటాను.

అయితే స్థైర్యమిచ్చే ఆ తైలమే నున్నని గచ్చుమీద ప్రమాదకారి. కనుక ఈ క్రమం పాటించండి. రాత్రి పడకమీదనే కూర్చొని, గోరువెచ్చని నువ్వులనూనెతో ఒక్కొక్క పాదాన్ని 5 నిమిషాలు మర్దించాలి. కాలు నేలమీద మోపేముందే పొడిగుడ్డతో, వ్రేళ్ళ సందులతో సహా, జిడ్డు పోయేలా తుడవాలి. తలంటు రోజున స్నానాలగదిలో ఎత్తైన పీటమీద కూర్చొనే నూనె రాయించుకొని, సున్నిపిండితో రుద్ది, పాదాలనూ నేలనూ కడిగిన తరువాతనే లేవాలి. మరీ వేడినీరు పోసుకుంటే లేచేటప్పుడు తల తిరగవచ్చు. గోరువెచ్చని నీరు చాలు. మధుమేహం వలన పాదాలు మొద్దుబారినవారికి నూనె, నీటి వేడిని మరొకరు చూడాలి.

ఇంటిలో పాటించవలసినవి

1. మెలకువ రాగానే ప్రక్కకు తిరిగి లేచి, కాళ్ళు క్రిందికి వేసి 2 నిమిషాలు కూర్చోవాలి. పాదాలు ఆడించి, ఆసరా పట్టుకొని నిలబడి, తల తేరుకున్నాక నడవాలి.

2. మంచం నుండి స్నానాలగది వరకు జీరో బల్బు వెలగాలి. దారిలో జారే పట్టాలు, వైర్లు ఉండరాదు.

3. స్నానాలగది గోడకు గట్టి కడ్డీ బిగించాలి. తువ్వాలు వేసే కడ్డీ మనిషి బరువును ఆపలేదు.

4. ఉత్త మేజోళ్ళతో నున్నని నేలపై నడవరాదు. అరిగిన రబ్బరు చెప్పులు మార్చాలి. పంచె కుచ్చిళ్ళు, శాలువా అంచు కాళ్ళకు తగలరాదు.

5. ధనుర్మాసంలో కళ్ళాపి తడి, మెట్లమీద మంచు గమనించాలి. పెద్దవారు బాగా తెల్లవారాక, పీటపై కూర్చొని ముగ్గు వేయడం మంచిది.

6. గట్టి కుర్చీలో నుండి, దగ్గర ఆసరా ఉంచుకొని, రోజుకు రెండుపూటలా 5 నుండి 10 మార్లు మెల్లగా లేచి కూర్చుంటే తొడలకు బలం వస్తుంది.

ఆహారంలో రాగులు, నువ్వులు చేర్చాలి. 100 గ్రాముల రాగులలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పగటిపూట కొంతసేపు ఎండ తగలాలి.

పడినచో

తొందరపడి లేవనెత్తరాదు. కాలు పొట్టిగా, వెలుపలికి తిరిగి కనిపిస్తే తుంటి ఎముక విరిగి ఉండవచ్చు. ఎక్స్‌రే తీయించే వరకు లాగడం, నూనె మర్దించడం పనికిరావు. రక్తం పలుచబడే మందులు వాడేవారికి తలకు దెబ్బ తగిలితే, బాగున్నట్లు కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఒకసారి పడినవారు మళ్ళీ పడే అవకాశం ఎక్కువ. కాని తిరగనివ్వరేమోనన్న భయంతో చాలామంది పెద్దలు ఆ సంగతి దాచిపెడతారు. "ఈ మధ్య ఎక్కడైనా తూలారా?" అని మందలింపు లేకుండా అడగండి. అవునంటే మాత్రలను సొంతంగా మానిపించక, వాటన్నిటినీ వైద్యునికి చూపించి సలహా పొందండి.