కంప్యూటరునకు కావలి: నియమించుటయు, తొలగించుటయు

ఇంటికి తలుపెట్టిదో, వలలో జేరిన కంప్యూటరునకు ఫైర్‌వాల్ అట్టిది. దానిని పెట్టుటకు నేర్పు వలయునని యందఱు నెఱుఁగుదురు. తీసివేయుటకును నేర్పు వలయునని కొందఱే యెఱుఁగుదురు. మేము చేసిన యొక పొరపాటు నాధారముగాఁ గొని, యీ రెండు పనుల క్రమమును విద్యార్థులకుఁ దెలుపుచున్నాము.

లినక్సు కెర్నెలును 1991వ సంవత్సరమున, ఫిన్లండులోని హెల్సింకి నగరమున విద్యార్థిగా నుండిన లీనస్ టోర్వాల్డ్స్ వెలువరించెను. వచ్చుచుఁ బోవుచునుండు ప్యాకెట్లను పరీక్షించు నెట్‌ఫిల్టర్ అను భాగము 2001లో 2.4వ కెర్నెలుతో వచ్చినది. దాని యాజ్ఞలు కఠినములు. కావున వానిని సులభముగా నిచ్చుటకై యు.ఎఫ్.డబ్ల్యు. అను సాధనము ఉబుంటు 8.04వ కూర్పుతో 2008లో వెలువడెను. కావలి కాచునది కెర్నెలే. ఈ సాధనము దానికి మన మాట నందించు మేస్త్రి వంటిది.

"సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ యుఎఫ్‌డబ్ల్యు" అని వ్రాసిన సాధనము స్థాపితమగును. కాని "ఎనేబుల్" అను నాజ్ఞ యిచ్చువఱకు కావలి మొదలు కాదు. మొదలైన పిమ్మట, మన మనుమతించినవి తప్ప, బయటినుండి వచ్చు క్రొత్త సంబంధములను రానీయదు. బయటికిఁ బోవువాని నడ్డగింపదు.

ఒక సాయంకాలము మేము ఇంటినుండి ఎస్‌ఎస్‌హెచ్ మార్గమునఁ బాఠశాల యంత్రమును జేరి, తొందరపడి ముందుగా "ఎనేబుల్" చేసితిమి. కొంతసేపటికి మరలఁ బ్రవేశింపఁబోగా మారుమాట లేదు. మేము వచ్చిన 22వ పోర్టును మేమే మూసికొంటిమి! మఱునాఁడు పరీక్షాఫలితములు తెలుపవలసి యుండెను. మార్కులన్నియు నందే యున్నవి. తెల్లవాఱకమునుపే పాఠశాలకుఁ బోయి, యంత్రము నెదుటఁ గూర్చుండి యనుమతి వ్రాసితిమి. అప్పటికే పిల్లలు వరండాలో నిలిచియుండిరి. తప్పు యంత్రముది గాదు, మాదే.

కావున క్రమ మిది. మొదట "సుడో యుఎఫ్‌డబ్ల్యు అలౌ 22/టిసిపి", తరువాత "ఎనేబుల్", పిదప "స్టేటస్" అని యడిగి నియమములను జదువవలెను. ఉన్న కిటికీని మూయకయే, రెండవ కిటికీనుండి ప్రవేశించి చూడవలెను.

ఇఁక తొలగించుట. ఏదో యొక పని సాగకపోఁగానే కొందఱు కావలినే తీసివేయుదురు. ఒక్క గది తాళము రాలేదని యింటి తలుపులన్నియు నూడఁదీయుదుమా? వలసిన పోర్టు నొక్కదానినే తెఱచినఁ జాలును. నిజముగాఁ దొలగింపవలసినచో ముందు "డిసేబుల్" చేసి కావలి నాపవలెను. "ఆప్ట్ రిమూవ్" అనినఁ బ్రోగ్రాము పోవును గాని, దాని యమరికల ఫైళ్లు నిలిచియుండును. మరల స్థాపించినప్పుడు పాత నియమములే యెదురగును. "ఆప్ట్ పర్జ్" అనిన నవియుఁ బోవును. కావున పర్జ్ చేయకమునుపు నియమములకు నకలు వ్రాసికొనవలెను. వేఱొక ఫైర్‌వాల్ పెట్టఁదలఁచినచో దానిని సిద్ధపఱచుకొనియే మొదటిదానిని తీయవలెను. ఇద్దఱు మేస్త్రులు ఒకేమాఱు ఆజ్ఞ లీయరాదు.

విద్యార్థులారా! ఆ పెట్టెలో నున్నవి మీ మార్కులు, మీ తలిదండ్రుల చిరునామాలు. ఆజ్ఞ వ్రాయుటకు క్షణము చాలును, వ్రాయకమునుపు "దీని తరువాత నేను మరల లోనికి రాఁగలనా?" అని ప్రశ్నించుకొనుటకును క్షణమే చాలును. ఆ రెండవ క్షణమును విడువకుఁడు.