ఎంజైము చర్యారేటు – గ్రాఫు గీయడం, లెక్కించడం

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• కాలానికి, ఏర్పడిన ఉత్పన్నానికి మధ్య గ్రాఫు గీయగలుగుతారు.
• గ్రాఫు వాలు నుండి చర్యారేటును లెక్కించగలుగుతారు.
• తొలి రేటునే ఎందుకు తీసుకోవాలో వివరించగలుగుతారు.

1. పరిచయం

మన రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము కొద్దిగా ఉంటుంది. పిత్తరసం పారే దారికి అడ్డు ఏర్పడినప్పుడు, కొన్ని ఎముకల జబ్బుల్లోనూ ఇది పెరుగుతుంది. అందుకే వైద్యులు రక్తపరీక్షలో దీన్ని చూస్తారు. అంత తక్కువగా ఉన్న ఎంజైమును తూకం వేయడం కష్టం. అది ఎంత వేగంగా పనిచేస్తున్నదో కొలిచి, దాని పరిమాణం చెబుతారు. కాబట్టి రేటు లెక్క తప్పితే జబ్బు అంచనా కూడా తప్పుతుంది.

2. ఉత్పన్నాన్ని కొలవడం

ఎంజైము పనిచేసే పదార్థాన్ని అధస్థ పదార్థం అంటారు. చర్యలో ఏర్పడేది ఉత్పన్నం. ఫాస్ఫటేజ్ తన అధస్థ పదార్థం నుండి ఫాస్ఫేట్‌ను విడదీస్తుంది. ఫాస్ఫేట్‌కు రంగు లేదు. మరి దాన్ని ఎలా కొలవాలి?

1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఒక పద్ధతిని ప్రచురించారు. ఫాస్ఫేట్ ఉన్న ద్రావణానికి ఆమ్లం, మాలిబ్డేట్, ఒక క్షయకరణి కలిపితే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎక్కువైన కొద్దీ రంగు గాఢమవుతుంది. చర్యా మిశ్రమం నుండి నిర్ణీత సమయాల్లో కొంత తీసి, ఆమ్లంతో చర్యను ఆపి, ఈ రంగును కొలిస్తే అప్పటివరకు ఏర్పడిన ఉత్పన్నం తెలుస్తుంది.

3. గ్రాఫు గీయడం

రెండు నమూనాలలో అధస్థ పదార్థం 60 మైక్రోమోల్‌ల చొప్పున ఉందనుకుందాం. అభ్యాసం కోసం ఈ కొలతలు తీసుకోండి.

కాలం (నిమిషాలు): 0, 2, 4, 6, 8, 10
మొదటి నమూనాలో ఫాస్ఫేట్ (మైక్రోమోల్‌లు): 0, 12, 24, 34, 42, 48
రెండవ నమూనాలో ఫాస్ఫేట్ (మైక్రోమోల్‌లు): 0, 24, 42, 52, 57, 59

గ్రాఫు కాగితంపై ఎక్స్-అక్షం మీద కాలాన్ని (1 సెం.మీ. = 1 నిమిషం), వై-అక్షం మీద ఫాస్ఫేట్‌ను (1 సెం.మీ. = 5 మైక్రోమోల్‌లు) గుర్తించండి. బిందువులను నున్నని రేఖతో కలపండి. రెండు రేఖలూ మొదట తిన్నగా లేచి, తర్వాత వంగుతాయి.

4. రేటు లెక్కించడం

రేటు = ఉత్పన్నంలో మార్పు ÷ కాలంలో మార్పు

ఇదే గ్రాఫు వాలు. తిన్నగా ఉన్న మొదటి భాగంలోని వాలును తొలి రేటు అంటారు.

మొదటి నమూనా: (12 − 0) ÷ 2 = నిమిషానికి 6 మైక్రోమోల్‌లు
రెండవ నమూనా: (24 − 0) ÷ 2 = నిమిషానికి 12 మైక్రోమోల్‌లు

అంటే రెండవ నమూనాలో ఎంజైము రెండింతలు ఉంది.

5. తొలి రేటే ఎందుకు?

మొత్తం 10 నిమిషాల సగటు తీసి చూడండి. మొదటిది 48 ÷ 10 = 4.8; రెండవది 59 ÷ 10 = 5.9. రెండింతల తేడా దాదాపు కనుమరుగైంది! 8 నుండి 10 నిమిషాల మధ్య మాత్రమే చూస్తే, మొదటిది 3, రెండవది 1. ఎంజైము ఎక్కువగా ఉన్న నమూనాయే తక్కువ రేటు చూపుతున్నది.

కారణం ఏమిటి? రెండవ నమూనాలో అధస్థ పదార్థం దాదాపు అయిపోయింది. పొయ్యి పెద్దదైనా కట్టెలు అయిపోతే మంట తగ్గుతుంది కదా! అధస్థ పదార్థం సమృద్ధిగా ఉన్న తొలిదశలోనే రేటు ఎంజైము పరిమాణాన్ని సరిగా తెలుపుతుంది.

గుర్తుంచుకోండి: నిమిషానికి 1 మైక్రోమోల్ అధస్థ పదార్థాన్ని మార్చే ఎంజైము పరిమాణం ఒక యూనిట్. రక్తపరీక్ష నివేదికలో లీటరుకు ఇన్ని యూనిట్లు అని రాసేది ఇదే. వేడిమి, ఆమ్లత మారితే రేటు మారుతుంది. కాబట్టి పోల్చే నమూనాలన్నింటికీ అవి ఒకేలా ఉండాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రెండవ నమూనాలో 4 నుండి 6 నిమిషాల మధ్య రేటు ఎంత?
2. ఇంకొక నమూనాలో 1 నిమిషానికి 9, 2 నిమిషాలకు 18 మైక్రోమోల్‌ల ఫాస్ఫేట్ ఏర్పడింది. తొలి రేటు ఎంత?
3. ఒక్క 10వ నిమిషం కొలతతోనే రేటు చెబితే, ఏ రోగి ఫలితం ఎక్కువగా తప్పుతుంది?

జవాబులు

1. (52 − 42) ÷ 2 = నిమిషానికి 5 మైక్రోమోల్‌లు.
2. నిమిషానికి 9 మైక్రోమోల్‌లు.
3. ఎంజైము ఎక్కువగా ఉన్న రోగి ఫలితం. అధస్థ పదార్థం ముందే తరిగిపోవడం వల్ల అసలు కంటే తక్కువగా కనిపిస్తుంది.