పనిచోట మాట కూడా అమానతే

కార్మికుడైనా ఉద్యోగి అయినా రోజులో ఎనిమిది గంటలు పనిచోటే గడుపుతాడు. అక్కడ రెండు రకాల మాటలు నడుస్తుంటాయి. ఒకటి నోటీసు బోర్డు మీద, రిజిస్టరులో, అధికారి సంతకంతో వచ్చే మాట. రెండోది టీ కొట్టు దగ్గర, టిఫిను డబ్బాలు విప్పిన చోట, డ్యూటీ బస్సులో ఒకరి నోటి నుండి మరొకరి చెవికి చేరే మాట. మొదటి మాటకు బాధ్యులెవరో అందరికీ తెలుసు. రెండో మాటకు మాత్రం బాధ్యులు కనిపించరు. అందుకే అక్కడ నాలుక తేలిగ్గా కదులుతుంది. అయితే మనిషి నోట వెలువడే ప్రతి మాటనూ నమోదు చేయడానికి అతని వద్ద ఒక పరిశీలకుడు సదా సిద్ధంగా ఉంటాడని ఖుర్‌ఆన్ (50:18) తెలియజేస్తోంది. ఆ నమోదులో ఆఫీసు మాట, టీ కొట్టు మాట అనే తేడా లేదు.

మౌనమే ధర్మమా?

ఇది విని ‘అయితే తోటివారితో మాట్లాడటమే మానుకోవాలి కాబోలు’ అని కొందరు అనుకుంటారు. అది సరైన అవగాహన కాదు.

మన ప్రాంతాన్నే చూడండి. ఇల్లందు దగ్గర 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో ఉంది. భూగర్భ గనిలో పైకప్పును పరీక్షించడం, రిపోర్టు రాయడం ఓవర్‌మన్, మైనింగ్ సర్దార్ల విధి. కానీ షిఫ్టు ముగించుకొని పైకి వచ్చే కార్మికుడు, లోపలికి దిగే కార్మికునితో ‘ఆ మూలన పైకప్పు చప్పుడు చేస్తోంది, జాగ్రత్త’ అని చెప్పే ఒక్క మాట కూడా ప్రాణం కాపాడవచ్చు. అక్కడ మౌనం దైవభీతి అనిపించుకోదు.

శాంతికి గానీ భయానికి గానీ సంబంధించిన వార్త వినగానే చాటింపు వేసేవారిని సూరా నిసా (4:83) మందలించింది. దాన్ని దైవప్రవక్త (స) వద్దకు, బాధ్యత గలవారి వద్దకు చేర్చి ఉండాల్సిందని చెప్పింది. ఈ ఆయత్ యుద్ధకాలపు వదంతుల సందర్భంలోనిదే అయినా, దాని పాఠం మనకూ వర్తిస్తుంది. ప్రమాదం సంగతి తోటివానికి చెప్పాలి. అంతటితో ఆగకుండా దాన్ని సరిచేయగల సర్దారుకూ చెప్పాలి. క్యాంటీనులో పదిమందికి చెప్పి, చెప్పవలసిన వ్యక్తికి చెప్పకపోతే బాధ్యత తీరదు.

ఎండాకాలంలో భద్రాచలం అడవుల్లో తునికాకు సేకరణ జరుగుతుంది. యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున లెక్క. చదువురాని అక్కకు ఆ ఏటి కట్ట ధర ఎంతో చెప్పడం, కల్లంలో లెక్క సరిచూసి పెట్టడం కూడా మాటతో చేసే మేలే. ప్రజల రహస్య సంభాషణల్లో చాలావాటిలో మేలు లేదని, దానధర్మాలకు, సత్కార్యాలకు, ప్రజల మధ్య సయోధ్యకు ప్రోత్సహించే మాటలు మాత్రం మంచివని సూరా నిసా (4:114) బోధిస్తోంది.

మూడు జబ్బులు

సోదరుడు లేనప్పుడు అతనికి నచ్చని విషయం చెప్పడం గీబత్. ఆ విషయం నిజమే అయినా అది గీబతే. అబద్ధమైతే బుహ్తాన్, అంటే అపనింద. ముస్లిం హదీసు గ్రంథంలో దైవప్రవక్త (స) ఈ రెంటికీ తేడా వివరించారు. ఒకరి మాట మరొకరికి చేరవేసి తగువు పెట్టడం నమీమా, అంటే చాడీ.

పనిచోట ఈ మూడూ నేరుగా ఎదుటివాని అన్నం మీదికి వస్తాయి. పర్మినెంటు ఉద్యోగిపై పుకారు వస్తే విచారణ జరుగుతుంది, జవాబు చెప్పుకునే అవకాశమైనా ఉంటుంది. కాంట్రాక్టు కార్మికునిపై వస్తే తరచూ అదీ ఉండదు. మరుసటి నెల పనికి పిలుపు రాదు, అంతే. అతని ఇంట్లో పొయ్యి ఆరిపోవడానికి కారకులెవరో ఎవరికీ తెలియదు. అల్లాహ్‌కు మాత్రం తెలుసు.

బనీ ముస్తలిఖ్ దండయాత్ర నుండి తిరిగి వచ్చేటప్పుడు కపటులు హజ్రత్ ఆయిషా (రజి)పై నింద మోపారు. దాదాపు నెలరోజులు మదీనాలో ఆ మాట తిరిగింది. హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి), ఆయన సతీమణి మాత్రం, తాము చేయని పనిని తమకంటే ఉత్తమురాలికి ఎలా అంటగడతామని తమలో తాము ఆలోచించుకొని దాన్ని త్రోసిపుచ్చారు. హజ్రత్ జైనబ్ (రజి) సవతి అయి ఉండీ మంచే పలికారు. ఆ పుకారులో చిక్కుకున్న మిస్తహ్ (రజి), హజ్రత్ అబూబక్ర్ (రజి) ఇచ్చే సాయంతో బ్రతికే పేద బంధువు. ఆయన ఆ సాయం ఆపేస్తానని ఒట్టు పెట్టుకోగా, క్షమించమని బోధిస్తూ సూరా నూర్ (24:22) ఆయత్ అవతరించింది. సాయం మళ్ళీ మొదలైంది. నిందమోపినవాని జీవనోపాధినే కాపాడిన ధర్మం, నిరపరాధి ఉపాధిని మన నాలుకతో పోగొడితే సహిస్తుందా?

అన్యాయాన్ని చెప్పుకోవడం గీబత్ కాదు

ఇక్కడ ఒక పొరపాటును సరిదిద్దుకోవాలి. కూలి డబ్బులు ఎగ్గొట్టారనో, పై అధికారి అసభ్యంగా ప్రవర్తిస్తున్నాడనో బాధితులు నోరు విప్పితే, ‘గీబత్ చేయకు, సబ్ర్ చెయ్యి’ అని నోరు మూయించేవారున్నారు. ఇది ధర్మం పేరిట అధర్మానికి తోడ్పడటమే. ఇమామ్ నవవీ (రహ్మలై) ‘రియాజుస్సాలిహీన్’లో గీబత్ వర్తించని ఆరు సందర్భాలు పేర్కొన్నారు. పీడితుడు న్యాయం చేయగలవారితో మొరపెట్టుకోవడం, చెడును ఆపడానికి సాయం అడగడం, ప్రజలను కీడు నుండి హెచ్చరించడం వాటిలోనివే. భర్త తగినంత ఖర్చు ఇవ్వడం లేదని హజ్రత్ హింద్ (రజి) వచ్చి చెప్పుకున్నప్పుడు దైవప్రవక్త (స) ఆమెను వారించలేదు, పరిష్కారం చూపారు.

పనిచోట స్త్రీలపై లైంగిక వేధింపుల నిరోధానికి మన దేశంలో 2013లో చట్టం వచ్చింది. పదిమంది లేక అంతకుమించి పనిచేసే సంస్థల్లో ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ఆ సోదరి మాట అక్కడికి చేరేలా తోడు నిలవడం పుణ్యకార్యం. ఆమె గాథను క్యాంటీనులో కబురుగా పంచుకోవడం మాత్రం పాపం. చెప్పిన మాట ఒకటే కావచ్చు. ఎవరితో, ఎందుకు చెప్పామన్నదే తేడా.

మూడో మనిషి మనసు

ముగ్గురున్న చోట ఒకరిని వదిలేసి ఇద్దరు గుసగుసలాడరాదని దైవప్రవక్త (స) వారించారు. అది మూడో వ్యక్తి మనసును నొప్పిస్తుందన్నది కారణం (బుఖారీ, ముస్లిం). మూడో వ్యక్తికి రాని భాషలో మాట్లాడుకోవడానికీ ఇదే వర్తిస్తుందని పండితులు వివరించారు. మన ప్రాంతంలో ఒకే షెడ్డు కింద తెలుగు, ఉర్దూ, కోయ మాట్లాడేవారు కలిసి పనిచేస్తారు. పక్కన ఉర్దూ రాని సోదరుడు కూర్చుని ఉండగా మనమిద్దరం ఉర్దూలో నవ్వుకుంటే, తనను చూసే నవ్వుతున్నారని అతను అనుకోడా? ఉమ్మడి భాషలో మాట్లాడటం ఇక్కడ కేవలం మర్యాద కాదు, సున్నత్‌పై ఆచరణ.

అధికారులకు, గ్రూపుల్లో ఉన్నవారికి

ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై) వద్దకు ఒకతను మరొకరి గురించి చాడీ తెచ్చాడు. ఆయన అతని ముందు మూడు దారులు ఉంచారు. విచారించి అబద్ధమని తేలితే అతను సూరా హుజురాత్ (49:6) చెప్పిన దుర్జనుడవుతాడు. నిజమని తేలితే సూరా ఖలమ్ (68:11) చెప్పిన చాడీకోరు అవుతాడు. లేదా అంతటితో వదిలేయవచ్చు. అతను వెంటనే మన్నింపు కోరాడు. తన కింద పనిచేసేవారి గురించి గుసగుస విని మస్టర్ నుండి పేరు తీసేసే సూపర్‌వైజరుకు ఇంతకంటే మంచి పాఠం లేదు.

ఒక వ్యక్తి మాట చెప్పి అటూ ఇటూ చూస్తే ఆ మాట అమానత్ అని హదీసు (అబూదావూద్, తిర్మిజీ). అతను ‘ఎవరికీ చెప్పకు’ అని అననక్కర్లేదు. మరి నమ్మి వాట్సాప్‌లో పంపిన మాటను స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టడం అమానత్‌లో ఖియానత్ కాదా?

కనుక నోరు విప్పే ముందు మూడు విషయాలు ఆలోచించండి: ఇది నిజమని నాకు రూఢిగా తెలుసా? దీన్ని చెప్పడం వల్ల ఎవరికైనా మేలుందా? చెప్పవలసిన మనిషికే చెబుతున్నానా? ఇదివరకే ఎవరి పేరైనా చెడగొట్టి ఉంటే తౌబాతోపాటు ఆ చెడగొట్టిన చోటే వారి మంచిని చెప్పండి. అది తోటి మనిషి హక్కు.

అల్లాహ్ మన నాలుకలను తోటివారికి రక్షణగా చేయుగాక! ఆమీన్.